చివరి అజ్టెక్ రాజు ఎముకలు

2025 మే 17 రాత్రి న్యూయార్క్‌లో మెక్సికో నౌకాదళానికి చెందిన తెరచాప ఓడ ఒకటి అదుపు తప్పి, బ్రూక్లిన్ వంతెన కిందికి కొట్టుకుపోయింది. దాని మూడు స్తంభాల కొసలూ వంతెనకు తగిలి విరిగిపడ్డాయి. ఇద్దరు మరణించారు. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. ఓడ పేరు ‘క్వావ్తెమోక్’ అని వార్తల్లో చదివారు గాని, ఆ పేరు ఎవరిదో పట్టించుకున్నవారు తక్కువ. అజ్టెక్ సామ్రాజ్యపు చివరి పాలకుడి పేరది. స్పానిష్ సేనాని హెర్నాన్ కోర్తెస్ అతణ్ణి 1525లో ఉరితీయించాడు. ఆ ఓడను 1982లో కట్టింది మాత్రం స్పెయిన్‌లోనే, బిల్బావో నగరంలో. చరిత్రకు ఇటువంటి వ్యంగ్యాలంటే మహా ఇష్టం.

మెక్సికోలో ఆ పేరు వినిపించని చోటు లేదు. రాజధాని నడిబొడ్డున ఉన్న పాలనా విభాగం పేరు క్వావ్తెమోక్. 1980లలో యాభై వేల పెసోల నోటు మీద అతని ముఖమే. 1890లో మాంతెర్రే నగరంలో వెలసిన బీరు తయారీ సంస్థ కూడా తనకు ఆ పేరే ఎంచుకుంది. భూసంస్కరణల అధ్యక్షుడు లాజరో కార్దెనాస్ తన కుమారుడికి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ కుమారుడు 1988 అధ్యక్ష ఎన్నికలలో పోటీ చేయగా, ఓట్ల లెక్కింపు యంత్రాంగం ఉన్నట్టుండి ‘మొరాయించింది’. తిరిగి కోలుకునేసరికి పాలకపక్షమే గెలిచింది. మన ఎం.ఎన్. రాయ్ 1917 నుంచి రెండేళ్లకు పైగా తలదాచుకుని, మెక్సికో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకకు కారకుడైనది కూడా నేడు క్వావ్తెమోక్ పేరుతో ఉన్న ఆ విభాగంలోని ఒక ఇంటిలోనే. ఆ ఇల్లు తరువాతి కాలంలో ఆయన పేరుతోనే నైట్‌క్లబ్ అయింది. దాని గురించి మరోసారి రాస్తాను.

ఇంత కీర్తి పొందిన రాజు స్వతంత్రంగా ఏలినది ఎంతకాలమని అడిగితే జవాబు ఆశ్చర్యపరుస్తుంది. ఏడాది కూడా కాదు. ఆ తరువాతి మూడున్నరేళ్లు బందీగానే గడిచాయి. అయినా సామ్రాజ్యాన్ని దశాబ్దాలపాటు విస్తరింపజేసిన పూర్వరాజులు పండితుల గ్రంథాల్లో మిగిలిపోగా, దానిని పోగొట్టుకున్నవాడు జాతికి మూలపురుషుడయ్యాడు. అది ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసానికి విషయం.

1519 నవంబరులో కోర్తెస్ టెనోచ్‌టిట్లాన్ నగరంలో ప్రవేశించేనాటికి సింహాసనం మీద ఉన్నది మొక్తెజూమా. సరస్సు మధ్యన దీవి మీద, కాలిబాటలతో, కాలువలతో కట్టిన ఆ నగరాన్ని చూసి స్పానిష్ సైనికులు ఇది కలా నిజమా అనుకున్నారని వారే రాసుకున్నారు. కొద్ది రోజులలోనే ఆతిథ్యం ఇచ్చిన రాజు అతిథుల చేతిలో బందీ అయ్యాడు. 1520 మేలో కోర్తెస్ లేని సమయం చూసి అతని అనుచరుడు పేద్రో దె అల్వరాదో, పండుగ నాట్యంలో ఉన్న నిరాయుధులను ఊచకోత కోయించాడు. నగరం తిరగబడింది. మొక్తెజూమా హతుడయ్యాడు. చంపినది స్వజనుల రాళ్లా, స్పానిష్ కత్తులా అన్న వాదం నేటికీ తేలలేదు. జూన్ 30 రాత్రి కోర్తెస్ సేన వందల సంఖ్యలో చచ్చి, దోచిన బంగారాన్ని నీళ్ల పాలు చేసుకుని పారిపోయింది.

మొక్తెజూమా సోదరుడు క్విత్లావాక్ రాజయ్యాడు. తమ పక్షాన పోరాడే నగరాలకు కప్పం మాఫీ చేస్తామని కబురు పంపాడు. తెలివైన పనే, కాని ఆలస్యమైన తెలివి. అంతకన్న పెద్ద శత్రువు అప్పటికే ఊళ్లలోకి వచ్చి చేరింది. అది మశూచి. ఆ ఖండపు ప్రజల శరీరాలకు అంతవరకు పరిచయం లేని జబ్బు. ఇంటిల్లిపాదీ పడకేస్తే గుక్కెడు నీళ్లు ఇచ్చే దిక్కులేక, ఆకలితోనే చచ్చినవారు ఎందరో. సుమారు ఎనభై రోజులు ఏలిన క్విత్లావాక్ కూడా దానికే బలయ్యాడు.

అప్పుడు వచ్చాడు క్వావ్తెమోక్. ఇరవైల వయసువాడు. 1486 నుంచి 1502 వరకు ఏలి, సామ్రాజ్యపు ఎల్లలను దక్షిణాన పసిఫిక్ తీరం దాకా తీసుకుపోయిన అవిత్జోత్ల్ కుమారుడు. తల్లి వైపున జంటనగరమైన త్లాతెలోల్కో రాజవంశానికి చెందినవాడు. ఆ పేరుకు ‘కిందికి దూకే గద్ద’ అని అర్థం. గద్ద అజ్టెక్‌ల ఊహలో సూర్యుడికి ప్రతీక కనుక, అస్తమించే సూర్యుడన్న అర్థాన్ని అందులో తరువాతివారు చూసుకున్నారు. పెట్టిన తల్లిదండ్రులు మాత్రం వేటాడే గద్దనే తలచుకుని ఉంటారు.

పాఠ్యపుస్తకాలలోని క్వావ్తెమోక్‌కు మచ్చలేదు. మూలాలలోని క్వావ్తెమోక్ అంత సరళుడు కాదు. నగరంలో రాజీకి మొగ్గిన పక్షమొకటి ఉండేది. మొక్తెజూమా కుమారులు కొందరు ఆ నెలల్లోనే స్వజనుల చేతిలో హతులయ్యారని నావాత్ల్ భాషలోని వృత్తాంతాలు చెబుతున్నాయి. యుద్ధ పక్షం తన లోపలి ప్రత్యర్థులను తుడిచిపెట్టి మరీ యుద్ధానికి సిద్ధమైందన్నమాట. ముట్టడి రోజుల్లో చిక్కిన స్పానిష్ సైనికులను, ఒక్క జూన్ 30 పోరులోనే యాభైమందికి పైగా, గుడి మెట్ల మీద బలి ఇచ్చారు. నరబలి అన్నది శత్రువులు పూర్తిగా అల్లిన కట్టుకథ కాదు. త్రవ్వకాలలో దొరికిన కపాలాల గోడ దానికి సాక్ష్యం. స్పానిష్ రచయితలు చెప్పిన అంకెలు అతిశయోక్తులు కావచ్చు. ఆచారం మాత్రం నిజం.

ఇక ముట్టడి. 1521 మే చివరి నుంచి ఆగస్టు 13 వరకు సాగింది. కోర్తెస్ పదమూడు చిన్న యుద్ధనావలను కొండల అవతల విడిభాగాలుగా చేయించి, మనుషుల భుజాల మీద మోయించి తెచ్చి, సరస్సులో దించాడు. చపుల్తెపెక్ ఊటల నుంచి నగరానికి మంచినీరు తెచ్చే కాలువను తెగ్గొట్టించాడు. వీధి తరువాత వీధి, ఇల్లు తరువాత ఇల్లు కూలగొట్టి కాలువలు పూడ్చుకుంటూ ముందుకు వచ్చాడు. జనం బల్లులు, తోళ్లు, నాచు తిన్నారు. ఉప్పునీరు తాగారు. చివరి రోజులలో రక్షకులు త్లాతెలోల్కో మూలకు ఒదిగిపోయారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. గుప్పెడు యూరోపియన్లు ఒక సామ్రాజ్యాన్ని కూల్చారన్నది విజేతలు చెప్పుకున్న కథ. ముట్టడిలో పాల్గొన్న స్పానిష్ వారు వెయ్యికి లోపే. వారి వెనుక నిలిచిన త్లాష్కాలా, తెష్కోకో, చాల్కో, వెహోత్సింగో యోధులు పదుల వేలు. త్లాష్కాలాను అజ్టెక్‌లు తరాలుగా చుట్టుముట్టి, ఉప్పు, పత్తి అందకుండా చేశారు. ఉప్పులేని కూడు తిన్న తరాలు, పొరుగువాడి మీదికి వచ్చిన కొత్తవాడిని చూసి ఏమనుకుని ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఈస్టిండియా కంపెనీ ఎవరి చేతులతో ఎవరిని గెలిచిందో తెలిసిన మనకైతే అసలే కష్టం కాదు. తరువాతి మెక్సికన్ జాతీయవాదం త్లాష్కాలాను ద్రోహి అన్నది. ఏ జాతికి ద్రోహం? అప్పటికి మెక్సికో అనే దేశమే లేదు. కప్పం వసూలు చేసే ఒక నగరం, కప్పం కట్టలేక కాలిన నగరాలు ఉన్నాయి. సామ్రాజ్యం పతనమైనప్పుడు అందరూ కలసి ఏడవలేదంటే, ఆ తప్పు ఏడవనివారిది మాత్రమే కాదు.

ఆగస్టు 13న క్వావ్తెమోక్ పడవలో ఉండగా గార్సియా ఓల్గిన్ అనే నావ నాయకుడు పట్టుకున్నాడు. పట్టుకున్న ఘనత తనదంటే తనదని స్పానిష్ నాయకులు అక్కడే కీచులాడుకున్నారు. పారిపోతూ చిక్కాడని స్పానిష్ కథనం. లొంగుబాటుకే బయలుదేరాడని, జనం ఏడుస్తూ సాగనంపారని త్లాతెలోల్కో వృద్ధుల జ్ఞాపకాలతో కూర్చిన నావాత్ల్ కథనం. కోర్తెస్ ఎదుట నిలిచి, అతని నడుమునున్న బాకును చేత తాకి, నగరాన్ని కాపాడడానికి చేయగలిగినదంతా చేశాను, ఇక దీనితో పొడిచి చంపు అన్నాడని కోర్తెసే తన రాజుకు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. కోర్తెస్ చంపలేదు. బందీ రాజు ఉంటే కప్పం, కూలీలు సులభంగా వస్తాయి.

బంగారం అనుకున్నంత దొరకలేదు. రాజుగారి కోశాధికారి ఆల్దెరెతె ఒత్తిడి మీద క్వావ్తెమోక్‌నూ, మిత్రనగరమైన త్లాకోపాన్ ప్రభువునూ కట్టేసి పాదాలకు నూనె పూసి కాల్చారు. పక్కన బాధతో మూలిగిన ప్రభువు వైపు చూసి, నేనేమైనా పూలపాన్పు మీద ఉన్నానా అన్నాడని మెక్సికోలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. పదహారో శతాబ్దపు గ్రంథకర్త గోమారా రాసినది కొంచెం వేరు. అక్కడ స్నానపు సుఖం ఉంది గాని పూలపాన్పు లేదు. పూలు పందొమ్మిదో శతాబ్దంలో ఒక నవలాకారుడు చల్లినవి. కాలిన కాళ్లు మాత్రం కల్పన కాదు.

1524లో తిరగబడ్డ ఒక అనుచరుణ్ణి శిక్షించడానికి కోర్తెస్ హోండురాస్ వైపు దండయాత్ర కట్టాడు. వెనుక వదిలితే తిరుగుబాటు లేవదీస్తాడని క్వావ్తెమోక్‌ను వెంట తీసుకుపోయాడు. అడవులు, బురదలు, ఆకలి. 1525 ఫిబ్రవరి 28న అకలాన్ ప్రాంతంలో, కుట్ర పన్నాడన్న ఆరోపణతో ఉరితీయించాడు. ఆ యాత్రలో ఉన్న బెర్నాల్ దియాజ్ అనే సైనికుడు ముసలితనంలో రాసిన గ్రంథంలో, ఆ చావు అన్యాయమని, చూసిన మాకెవరికీ అది సబబుగా తోచలేదని ఒప్పుకున్నాడు. ఆ ప్రాంతపు మాయా ప్రభువుల వారసులు తరువాత దాఖలు చేసిన పత్రంలో ఇంకో కథ ఉంది. స్పానిష్ వారిని చంపుదాం రమ్మని క్వావ్తెమోక్ తమ పూర్వీకుణ్ణి అడిగాడట. ఆ పూర్వీకుడు ఆ కబురును కోర్తెస్‌కు చేరవేశాడట. తల నరికి బూరుగు చెట్టుకు వేలాడదీశారట. స్పానిష్ ప్రభుత్వం నుంచి హక్కులు రాబట్టుకోవడానికి రాసిన పత్రమది. తమవాడు పట్టించాడని గొప్పగా చెప్పుకోవడమే దాని ప్రయోజనం. నిజం ఏదైనా, మృతదేహం ఆ అడవులలోనే పోయింది.

అక్కడి నుంచి మూడు శతాబ్దాలపాటు అతని జ్ఞాపకం పెద్దగా ఎవరికీ అవసరం కాలేదు. అవసరం వచ్చినది స్వాతంత్ర్య పోరాటంలో. పోరాట నాయకులలో అధికులు స్పానిష్ సంతతి వారు, మిశ్రమ సంతతి వారు. స్పెయిన్ నుంచి విడిపోవడానికి స్పెయిన్ రాకకు ముందున్న దేశమొకటి వారికి కావలసి వచ్చింది. 1813లో చిల్పన్‌సింగో సభకు మోరెలోస్ చేసిన ప్రసంగంలో మొక్తెజూమానూ, క్వావ్తెమోక్‌నూ ఆవాహన చేశారు. 1521లో టెనోచ్‌టిట్లాన్ జారవిడిచిన స్వేచ్ఛను ఈ సభ తిరిగి ఎత్తుకుంటున్నదన్నట్టు సాగుతుందది. మూడు వందల ఏళ్లను ఒక చెరసాలగా, తమను విడుదలైన ఖైదీలుగా ఊహించుకున్నారు. ఆ చెరసాల కాపలాదారుల మనుమలు కూడా ఆ ఖైదీలలో ఉన్నారన్నది ఎవరూ ప్రస్తావించలేదు.

ఈ కథలో నన్ను అన్నిటికన్న కలవరపెట్టే సంవత్సరం 1887. ఆ ఏడాది ఆగస్టు 21న, కాళ్లు కాల్చిన ఘట్టాన్ని స్మరించే రోజున, రాజధానిలోని రిఫార్మా మహామార్గంలో క్వావ్తెమోక్ కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఈటె ఎత్తి, రోమన్ సేనానిలా అంగవస్త్రం కప్పుకుని నిలబడ్డ ఆ విగ్రహాన్ని చెక్కినవాడు మిగెల్ నోరెన్యా. పీఠం మీద చిత్రహింస దృశ్యం. అధ్యక్షుడు పోర్ఫీరియో దియాజ్ స్వయంగా హాజరయ్యాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఉత్తరాన సొనోరా రాష్ట్రంలో, యాకి తెగ నాయకుడు కహేమెను అదే దియాజ్ ప్రభుత్వం కాల్చి చంపింది. తమ నది ఒడ్డున ఉన్న భూముల కోసం పోరాడడమే అతని నేరం. మధ్యన నాలుగు నెలలు.

విగ్రహం నిలిచింది. 1883 చట్టంతో సర్వే కంపెనీలు ‘ఖాళీ’ భూములు కొలిచే పనిలో పడ్డాయి. కొలిచినందుకు మూడో వంతు వారికే. ఖాళీ అన్నవాటిలో తరాలుగా ఆదివాసీలు దున్నుకుంటున్న పొలాలెన్నో. 1900 తరువాత యాకి కుటుంబాలను వేల సంఖ్యలో పట్టి, దేశానికి మరో కొసనున్న యుకతాన్‌కు పంపారు. అక్కడ తాడునార తోటలలో వెట్టి చేసి చచ్చారు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ కెన్నెత్ టర్నర్ మదుపరి వేషం వేసుకుని అక్కడికి వెళ్లి, చూసినది రాసి ప్రపంచానికి చెప్పాడు. మరోవైపు 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకు మెక్సికో సగర్వంగా పంపిన కళాఖండాలలో ఒకటి, క్వావ్తెమోక్ కాళ్లు కాలుస్తున్న దృశ్యాన్ని లియాండ్రో ఇసాగిర్రె చిత్రించిన మహా తైలవర్ణ చిత్రం. చచ్చిన ఆదివాసి జాతిరత్నం, బతికున్న ఆదివాసి అభివృద్ధికి అడ్డంకి. దియాజ్ దీనిని కపటంగా భావించి ఉండడనుకుంటాను. అతని వర్గానికి ఆ రెండూ సహజంగానే పొసిగాయి. చనిపోయినవాడు భూమి అడగడు కదా.

ఎముకల కథ దీని తరువాతి అంకం. 1946లో మెక్సికో నగరంలోని ఒక పాత ఆసుపత్రి ప్రార్థనాలయం గోడలో కోర్తెస్ అస్థికలు బయటపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో గుంపులు తగలబెడతాయన్న భయంతో లూకాస్ అలమాన్ అనే సంప్రదాయవాద రాజకీయవేత్త రహస్యంగా దాచినవి అవి. విజేత ఎముకలు దొరికాయి. మరి వీరుడి ఎముకలో? మూడేళ్లకే జవాబు దొరికింది. గెర్రెరో రాష్ట్రంలో ఇచ్‌కతెయోపాన్ అనే మారుమూల ఊరి చర్చి పూజావేదిక కింద 1949 సెప్టెంబరు 26న త్రవ్వగా కొన్ని ఎముకలు, వాటి మీద క్వావ్తెమోక్ పేరు చెక్కిన రాగి రేకు కనిపించాయి. నాయకత్వం వహించినది ఎవులాలియా గుస్మాన్, విద్యారంగంలోనూ, స్త్రీల హక్కుల పోరాటంలోనూ పేరున్న పండితురాలు. దేశం ఊగిపోయింది.

ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం నెల తిరగకుండానే, ఇవి క్వావ్తెమోక్‌వని చెప్పడానికి ఆధారం లేదన్నది. పత్రికలు ఆ నిపుణులను దేశద్రోహులన్నాయి. దియేగో రివేరా వంటి మహాచిత్రకారుడు గుస్మాన్ పక్షాన నిలిచాడు. ఇంకా పెద్ద సంఘం వేశారు. 1951లో అదీ కాదన్నది. 1976లో అధ్యక్షుడు లూయిస్ ఎచెవెర్రియా మూడో సంఘం వేశాడు. పురావస్తువేత్త ఎదువార్దో మాతోస్ మొక్తెజూమా వంటివారు ఉన్న ఆ సంఘం కూడా తల అడ్డంగానే ఊపింది. ఆ గోతిలోని ఎముకలు ఒక్కరివి కావు, వేర్వేరు కాలాలకు చెందిన ఎనిమిది మందివని తేలింది. అక్కడి పత్రాలు పందొమ్మిదో శతాబ్దపు చివరన పుట్టినవని, వాటి వెనుక ఉన్నది ఫ్లోరెంతీనో హువారెజ్ అనే స్థానిక భూస్వామి అని చరిత్రకారుడు పాల్ గిల్లింగ్‌హామ్ తరువాత నిర్ధారించాడు. ఎందుకు చేశాడు? పొరుగు ఊరితో సరిహద్దు తగాదా, తగ్గిపోతున్న ఊరి పరపతి. రాజధానిలో దియాజ్ విగ్రహం పెట్టి ఏ పని చేశాడో, మారుమూల ఊళ్లో ఆ ఆసామి గొయ్యి తవ్వి అదే పని చేశాడు. స్థాయి వేరు, లెక్క ఒకటే. ఈ కథలో నాకు కాస్త సానుభూతి కలిగేది అతని మీదే. విగ్రహాల కాలంలో బతికినవాడు, తన ఊరి దగ్గర కంచు లేదు గనుక ఎముకలతో సరిపెట్టుకున్నాడు.

మూడో సంఘం వేసిన ఎచెవెర్రియా ఎవరో కూడా గుర్తుచేసుకోవాలి. 1968 అక్టోబరు 2న త్లాతెలోల్కో చౌకులో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపిన రోజున ఆయనే దేశ అంతరంగిక మంత్రి. మృతుల లెక్క నేటికీ వివాదమే. క్వావ్తెమోక్ చివరిసారిగా పోరాడిన నేల అది. 1521 నాటి పతనం విజయమూ కాదు, పరాజయమూ కాదు, నేటి మిశ్రమజాతి మెక్సికోకు పురుటినొప్పులు మాత్రమే అని అక్కడ ప్రభుత్వం చెక్కించిన శిలాఫలకం ఉంది. నాలుగు వందల ఏళ్ల నాటి మృతులకు ఫలకం దొరికింది. 1968 మృతులకు తమ పేర్లు చెక్కిన రాయి దొరకడానికి పాతికేళ్లు పట్టింది.

2019లో అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రదోర్ దండయాత్ర నాటి దారుణాలకు క్షమాపణ చెప్పాలని స్పెయిన్ రాజుకు లేఖ రాశారు. రాజు చెప్పలేదు. 2024లో ఆయన వారసురాలు క్లాడియా షేన్‌బామ్ తన ప్రమాణస్వీకారానికి ఆ రాజును పిలవలేదు. పతనానికి ఐదు వందల ఏళ్లు నిండిన 2021లో రాజధానిలో అల్వరాదో పేరున్న వీధికి మెక్సికో-టెనోచ్‌టిట్లాన్ అని పేరు మార్చారు. ఊచకోత కోసినవాడి పేరు అన్నాళ్లు ఎలా ఉందన్నదే నా ఆశ్చర్యం. కనుక దానిని నేను తప్పు పట్టను.

అదే ఏడాది సెప్టెంబరు 28న ఒబ్రదోర్ సొనోరాలోని వీకమ్ గ్రామానికి వెళ్లి, యాకి ప్రజలకు మెక్సికో రాజ్యం తరఫున క్షమాపణ చెప్పారు. స్పెయిన్‌ను అడిగిన మాటను తాను ఉచ్చరించడం చిన్న విషయం కాదు. యాకి పెద్దలు విన్నారు. వారి నది నీటిని రాష్ట్ర రాజధాని ఎర్మొసీయోకు మళ్లించే ఇండిపెండెన్సియా జలవాహిని అప్పటికి కొన్నేళ్లుగా నడుస్తోంది. యాకిలను సంప్రదించకుండా దానికి అనుమతి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. క్షమాపణ సభ జరిగిన రోజున కూడా ఆ గొట్టంలో నీళ్లు పారుతూనే ఉన్నాయి.